వానల ముందు బిల్డింగు చూసిపెట్టే మేస్త్రీ బృందం, శ్రీకాకుళం: ఐదుకి నాలుగు

మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు రాయడం లేదని ముందే చెప్పేస్తున్నాను. రాస్తానంటే ఆయనే వద్దన్నాడు. మే నెలలో చేతిలో ఉన్న పనే తెమలదు, కొత్తవాళ్లు ఫోన్ చేస్తే కాదనలేక ఒప్పేసుకుని చివరికి అందరి దగ్గరా మాట పడాలి, నాకెందుకొచ్చిన గొడవ బాబూ అన్నాడు. పేరు లేకుండా ఇదేం రివ్యూ అనుకోవచ్చు. కానీ వానల ముందు బిల్డింగు పనికి మనిషిని ఎలా ఎంచుకోవాలో నాకు మూడేళ్లు తెలియలేదు, తెలిసేసరికి రెండు లక్షల పైన వదిలింది, కాబట్టి రాస్తున్నాను.

మాది పాలకొండ రోడ్డులో చిన్న కాంప్లెక్సు. కింద బట్టల షాపు, మందుల షాపు, మొదటి అంతస్తులో రక్తపరీక్షల ల్యాబు, దాని పైన కోచింగ్ సెంటరు, ఆ పైన డాబా, డాబా మీద ఒక మూల రేకుల షెడ్డు. నాన్నకీ బాబాయికీ ఉమ్మడి ఆస్తి. అద్దెలు బాబాయి తీసుకుంటాడు, తిట్లు నేను తింటాను. అందులో ఎక్కువ తిట్లు కోచింగ్ సెంటర్ సారువి. వాన గట్టిగా పడిందంటే ఆయన క్లాసురూములో ఫ్యాను రాడ్డు పట్టుకుని నీళ్లు కారతాయి. ఒకసారి పిల్లలందరి ముందూ, "మీ బిల్డింగులో విద్యుత్ శాఖకీ నీటిపారుదల శాఖకీ తేడా లేదండీ" అన్నాడు. నవ్వలేదు నేను, నవ్వాల్సింది.

ఈ మేస్త్రీకి ముందు మూడేళ్లు వేరే ఊరి నుంచి వచ్చే ఒక మెయింటెనెన్స్ సంస్థతో ఏడాది ఒప్పందం నడిచింది. పేరు అనవసరం. ఏడాదికి 62 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 73 వేల పైన. యూనిఫాం వేసుకుని వస్తారు, టాబ్లెట్‌లో ఫొటోలు తీస్తారు, వెళ్లిన సాయంత్రానికి రంగురంగుల రిపోర్టు వాట్సాప్‌లో దిగుతుంది. చూడ్డానికి బాగుంటుంది. నాలుగు విజిట్లు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు. మూడు నెలలకోసారి లెక్క కట్టి పెట్టారు, అంతే, ఆ లెక్కకీ మా ఊరి వానకీ ఏ సంబంధమూ లేదు. జూలైలో వచ్చి ఏం చేస్తారు? శ్లాబు తడిసి ఉంటుంది, తడి మీద ఏ పూతా పట్టదు, "వాతావరణం అనుకూలించలేదు" అని రాసుకుని పోయేవారు. ఇంక అక్టోబరు. ఫైలిన్ తుఫాను వచ్చింది 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. గులాబ్ అయితే 2021లో సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర తీరం దాటేసింది. బోర్డులు, రేకులు, పైపులు చూడాల్సింది ఇవన్నీ రాకముందు, సెప్టెంబరు సగం దాటకుండా. వీళ్లు అక్టోబరు చివర్లో తాపీగా వచ్చేవారు.

ఏప్రిల్లో మాత్రం ప్రతి ఏడూ డాబా అంతా తెల్లటి కోటింగు వేసేవారు. మూడేళ్లలో మూడు కోటింగులు. ఫ్యాను మాత్రం అలాగే కారింది.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర లాడ్జీ నడిపే తెలిసినాయన ఈ మేస్త్రీ గురించి చెప్పాడు. ఆమదాలవలస వైపు నుంచి వస్తాడు, తనూ, బావమరిదీ, ఇద్దరు హెల్పర్లూ. ఎలక్ట్రీషియన్ వేరే, పిలిస్తే వస్తాడు. మొదటి రోజు ఆరున్నరకే బండి మీద దిగాడు. నేను డాబా తాళం తీసుకుని మెట్లెక్కుతుంటే, ఆయన పైకి రాకుండా కోచింగ్ సెంటర్ ఊడ్చే అమ్మాయి దగ్గర ఆగిపోయాడు.

"ఏటమ్మా, వాన మొదలైన ఎంతసేపటికి కారద్ది?"

"గంటా గంటన్నర పడద్దండీ."

"వాన ఆగిపోయాక?"

"ఆగినా కారద్దండీ. రెండ్రోజులు బకెట్టు తియ్యం."

ఆ మాట వినగానే తల ఊపి అప్పుడు ఎక్కాడు. వాన ఆగిన వెంటనే కారడం ఆగితే పగులు నేరుగా ఉన్నట్టు, రెండు రోజులు కారుతోందంటే నీళ్లు పైన ఎక్కడో దాక్కుని మెల్లగా దిగుతున్నట్టు. అంతే, చాలా మామూలు సంగతి. మూడేళ్లలో పన్నెండు విజిట్లు, ఆ అమ్మాయిని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదనుకోండి.

ఇంక అసలు పని. డాబా 2,400 చదరపు అడుగులు. బంకమట్టితో దాని మీద జానెడు గట్లు కట్టి నాలుగు భాగాలు చేశాడు, అచ్చం వరిమడి కట్టినట్టే. తూముల మూతులకు పాత గుడ్డలు పాలిథిన్ కవర్లో చుట్టి బిగించాడు. మొదటి మడిలో రెండంగుళాల నీళ్లు పెట్టి, పిట్టగోడ మీద నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీసి, ఇరవైనాలుగు గంటలు వదిలేశాడు. కింద ఏమీ కారలేదు. రెండో రోజు రెండో మడి. ఏమీ లేదు. డాబా అంతా ఒకేసారి నింపేస్తే ఒక్కరోజులో తేలిపోతుంది కదా అన్నాను. "కారద్దని తెలుస్తాది, ఎక్కడ్నించో తెలీదు కదా బాబూ" అన్నాడు. ఇంకోటి, రాత్రి కూర్చుని లెక్కేస్తే అంత డాబా మీద రెండంగుళాల నీళ్లంటే పదకొండు టన్నుల పైమాటే. తూము మూసుకుపోయి వాననీళ్లు నిలిచిన ప్రతిసారీ మన నెత్తి మీద ఒక లోడు లారీ పెట్టుకున్నట్టే, ఆ ఊహే నాకు ఎప్పుడూ రాలేదు.

మూడో మడిలో పొద్దున్న ఏడింటికి నీళ్లు పెట్టాం. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఫ్యాను రాడ్డు మీద మొదటి చుక్క. మూడో మడిలో ఏముందంటే, తూర్పు మూల వాననీటి పైపు. ఫ్యానుకీ ఆ పైపుకీ మధ్య టేపుతో కొలిచాను, పన్నెండు అడుగులు.

జరుగుతున్నది ఇదీ. శ్లాబులోంచి పైపు దిగేచోట, ప్లాస్టిక్ పైపుకీ కాంక్రీటుకీ మధ్య వేలిగోరు దూరేంత సందు. ప్లాస్టిక్కుకి సిమెంటు అతుక్కోదు, పైగా ఎండకు పైపు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, ఏళ్ల తరబడి ఆ సాగుడూ ముడుచుకోవడంలో సందు తెరుచుకుంది. ఆ సందులోంచి దిగిన నీళ్లు నేరుగా కిందికి రాకుండా పైన పోసిన సుర్కీకీ (ఇటుకపొడి, సున్నం కలిపిన పొర), శ్లాబుకీ మధ్య పరుచుకుని, శ్లాబులో వేసిన కరెంటు వైర్ల పైపు దొరికితే అందులో దూరి, దాని వెంటే వచ్చి ఫ్యాను పెట్టెలో తేలుతున్నాయి. మూడు కోటింగులు వేసినవాళ్లు డాబా మధ్యలో నున్నగా వేశారు, పైపు చుట్టూ బ్రష్షు తిరగదని వదిలేశారు. ఇంకా దారుణం, మూడు పూతలు పడి డాబా ఎత్తు పెరిగి, ఒకప్పుడు పల్లంలో ఉన్న తూము మూతి చుట్టూ ఇప్పుడు చిన్న కట్ట లేచింది, నీళ్లు దాని పక్కనే నిలబడుతున్నాయి. డబ్బులిచ్చి మరీ చెరువు తవ్వించుకున్నామన్నమాట.

"ఏటి బాబూ, కన్నం అలాగే ఉంచి ఏడు పూతలేసినా నీల్లకి దారి తెలీదేటి?" అన్నాడు మేస్త్రీ. దానికి నా దగ్గర జవాబు లేదు.

వైర్ల పైపులో నీళ్లంటే నాకు టెన్షన్ పట్టుకుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి కోచింగ్ సెంటర్ బోర్డు విప్పితే ఆర్‌సీసీబీ ఉంది కానీ దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేసి ఉంది. తెలియనివాళ్ల కోసం, కరెంటు 30 మిల్లీయాంప్స్ పక్కదారి పట్టినా సరఫరా కోసేసి మనిషి ప్రాణం కాపాడే పరికరం అది. వాన పడినప్పుడల్లా ట్రిప్ అవుతోందని ఎప్పుడో ఎవరో పిలిపించిన ఎలక్ట్రీషియన్ దాన్ని బైపాస్ చేసి పోయాడట. అరవై మంది పిల్లలు, తడి ఫ్యాను. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఇప్పుడు రాస్తున్నా కూడా ఒళ్లు జలదరిస్తోంది. మీ బిల్డింగులో వాన రోజున కరెంటు పోతోందని అద్దెకున్నవాళ్లు గొణిగితే ముందు నీళ్లు ఎక్కడికి చేరుతున్నాయో చూడండి. ట్రిప్ కాకుండా చేయించకండి.

ఎర్తింగ్ గొయ్యి ఎక్కడుందో మాకే తెలియదు. వెతగ్గా వెనక బైకులు పెట్టే చోట టైల్స్ కింద దొరికింది, ఎండి దుమ్ము కొడుతోంది. మీటరు పెడితే 11 ఓంలు. మాలాంటి బిల్డింగుకి 5 లోపు ఉండాలట. తుప్పు పట్టిన జాయింటు గీకి కొత్త బోల్టు వేసి, బొగ్గూ ఉప్పూ నింపి, రెండు రోజులు నీళ్లు పోయించాక 3.8కి వచ్చింది. గొయ్యి మీద ఇప్పుడు మూత ఉంది, ఎండాకాలం వారానికో బకెట్టు నీళ్లు పొయ్యమని వాచ్‌మన్‌కి చెప్పాం, పోస్తున్నాడనే అనుకుంటున్నాను.

పైపు దగ్గర రిపేరు నేను కూర్చుని చూశాను. చుట్టూ గుప్పెడు వెడల్పున కాంక్రీటు చెక్కేసి, దుమ్మంతా ఊది, తడిపి, ఆరితే కుంచించుకుపోని గ్రౌటు, అంటే సందులు నింపే సిమెంటు ముద్ద, పోశారు. దాని మీద తడి గోనెపట్టా మూడు రోజులు. అది ఆరాక పైపు చుట్టూ సాగే గుణమున్న సీలెంటు, పైన ఫైబర్ జాలీ, జాలీ మీద రెండు పూతలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. తూము మూతి చుట్టూ మూరెడు దూరం నుంచి పల్లం వచ్చేలా పాత కోటింగు గీకేశాడు. పొద్దున్న ఎనిమిది దాటితే బ్రష్షు పట్టడు. కాలే శ్లాబు మీద పూత వేస్తే లోపల ఆరకుండానే పైన పొర కట్టేసి తర్వాత పెచ్చు లేస్తుందట. "రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఈ పూతెంత" అని రోహిణి రాకముందే పని తెమల్చాలని తొందరపెట్టాడు. తూము మూతి మీద చదునుగా ఉండే పాత జాలీ తీసేసి బోర్లించిన గిన్నెలా ఉబ్బుగా ఉండేది పెట్టాడు, చుట్టూ ఆకులు చేరినా పైనుంచి నీళ్లు పోతాయి. పాత జాలీ కింద ఏం దొరికాయో చెప్పనా, వేపాకులు, గుట్కా కవర్లు, పెన్ను క్యాపులు ఓ దోసెడు. ఐఏఎస్ కావాల్సిన పిల్లలు మరి.

ఇప్పుడు నేను ఒక నక్షత్రం కోసిన సంగతి. పైపు చుట్టూ చెక్కిన మర్నాడు మేస్త్రీ వాళ్ల పినతల్లి కూతురి పెళ్లట, మొత్తం బృందం నాలుగు రోజులు మాయం. ముందు చెప్పలేదు. చెక్కిన గుంత మీద టార్పాలిన్ కప్పి నాలుగు ఇటుకలు పెట్టి వెళ్లారు. రెండో రోజు సాయంత్రం మే నెల గాలివాన, ఇటుకలు ఒక వైపు, టార్పాలిన్ పక్కింటి డాబా మీద, నీళ్లు ఇంతకుముందు చుక్కలుగా వచ్చేవి ఆ రోజు ధారగా వచ్చాయి. కోచింగ్ సెంటర్లో ప్రొజెక్టరు తడిసింది. సారు మాట్లాడలేదు, అది ఇంకా భయం. మేస్త్రీకి ఆరుసార్లు ఫోన్ చేస్తే ఏడోసారి ఎత్తాడు, వెనక సన్నాయి వినిపిస్తోంది. రాత్రి పదింటికి బావమరిదిని పంపాడు, ఆ అబ్బాయి పెళ్లి బట్టల్లోనే వచ్చి గుంత చుట్టూ మట్టికట్ట వేసి రేకు కప్పి బరువులు పెట్టి వెళ్లాడు. ప్రొజెక్టరు బాగుచేయించడానికి అయిన 3,200 కూలీలో తగ్గించుకోమన్నాడు, నేను అడక్కుండానే. అయినా సరే, ఓపెన్ చేసిన పని వదిలేసి వెళ్లడం తప్పే, నక్షత్రం తిరిగి ఇవ్వను.

చిన్న చిన్నవి కూడా ఉన్నాయి. బిల్లు ఇవ్వడు, లెక్క తెల్లకాగితం మీద రాసిస్తాడు, మా ఆడిటర్ దాన్ని చూసి నన్ను చూశాడు. చెక్కిన రాళ్లూ మట్టీ డాబా మీద వారం ఉంచేశారు. సన్‌షేడ్ అతుకుల మీద వేసిన రంగు పాత రంగుతో కలవలేదు, రోడ్డు అవతల నుంచి చూస్తే బొల్లి మచ్చల్లా కనిపిస్తుంది.

సన్‌షేడ్ అంటే గుర్తొచ్చింది, వెనకవైపు మూడు రావి మొక్కలు మొలిచాయి. నేనైతే పీకి పారేసేవాణ్ని. పీకితే పైన కాడ వస్తుంది, వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది, పైగా పగులు పెద్దదవుతుంది. మేస్త్రీ వేరు వెంట చెక్కుకుంటూ పోయాడు, ఒకదాని వేరు మూరెడు లోపలికి పాకి ఉంది, చిటికెన వేలంత లావు. అక్కడే లోపలి ఊచ బయటపడింది, తుప్పుతో పొరలు పొరలుగా ఉబ్బి. ఇనుము తుప్పయితే రెండింతలకు పైగా చోటు అడుగుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులూడుతుంది, మా వైపు సముద్రపు గాలికి ఇది ఇంకా తొందరగా అవుతుంది. తుప్పు గీకి, దాని మీద తుప్పు పట్టకుండా ఉండే పూత వేసి, అప్పుడు సిమెంటుతో మూశాడు. ఈలోపు బాబాయి వచ్చి "రావి మొక్కని కొట్టకూడదురా" అని పట్టుబట్టాడు. చివరికి వేరు నిలిచిన రెండిటిని సిమెంటు బస్తాలో మట్టి పోసి నాటి, బాబాయి స్వయంగా స్కూటర్ మీద వాళ్ల ఊరి చెరువు గట్టుకి తీసుకెళ్లాడు. ఒకటి బతికిందట.

మిగతావి గబగబా. రేకుల షెడ్డుకి రేకుల్ని పట్టి ఉంచే జే హుక్కులు అన్నీ తట్టి చూశాడు, పదిహేడు మార్చాం, అంచు వరసలో హుక్కులు రెట్టింపు చేశాం, గాలి రేకుని ఎప్పుడూ అంచు నుంచే లేపుతుంది కాబట్టి. బట్టల షాపు బోర్డు వెనక ఫ్రేముకి గోడలో దిగిన బోల్టులు నాలుగింటిలో రెండు చేత్తో తిప్పితే ఊడొచ్చాయి. తిత్లీ అప్పుడు గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు వీచింది, ఉద్దానంలో కొబ్బరితోటలకి తోటలే పడుకున్నాయి, ఆ బోర్డు అప్పటికి లేదు కాబట్టి బతికిపోయాం. సంపు కడిగారు. మంటలార్పే సిలిండర్లు మూడు ఉంటే ఒకదాని ముల్లు ఎర్రలో ఉంది, దాన్ని ల్యాబు వాళ్లు తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకున్నారు. రీఫిల్లుకి పంపాం. ఏసీల సర్వీసు వీళ్లు చెయ్యరు, అది ఫిబ్రవరిలోనే వేరే వాళ్లతో అయిపోయింది.

ఖర్చు: కూలీ తొమ్మిది రోజులకి 31 వేలు, సామాను 23,300, ఎలక్ట్రీషియన్‌కి 8,500. అడ్వాన్సు 15 వేలు తీసుకున్నాడు. సామాను షాపుకి నన్నే తీసుకెళ్లి నా చేతే కొనిపించాడు, డబ్బాల మీద తేదీ చూసి ఒకటి వెనక్కి ఇప్పించాడు కూడా. మొత్తం చూస్తే పాత ఒప్పందం కంటే పెద్ద తక్కువేం కాదు, కానీ దానికి ఏటా కట్టేవాళ్లం, ఇందులో చాలా భాగం మళ్లీ ఏటా ఉండదు.

జూన్‌లో మొదటి పెద్ద వాన రాత్రి తొమ్మిదిన్నరకి మొదలైంది. తాళం తీసుకుని వెళ్లి ఖాళీ క్లాసురూములో బెంచీ మీద కూర్చున్నాను, ఫ్యాను కింద బకెట్టు పెట్టి. పన్నెండున్నర దాకా చూశాను. దోమలు తప్ప ఏమీ దిగలేదు. మర్నాడు, ఆ మర్నాడు కూడా ఊడ్చే అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను, మూడోరోజు "లేదండీ బాబూ, ఉంటే నేనే చెప్తానండీ" అని విసుక్కుంది.

సెప్టెంబరు రెండో వారంలో మళ్లీ వచ్చాడు, చెప్పిన రోజుకే. సగం పూట పని, 2,500. తూములు కడిగి, హుక్కులు, బోర్డు బోల్టులు తట్టి, పైపు చుట్టూ వేలుతో నొక్కి చూసి వెళ్లాడు.

తేలనిది ఒక్కటే ఉంది, లిఫ్టు గొయ్యిలో ఊట. వానల తర్వాత భూమిలో నీటిమట్టం పైనే ఉంటుంది, ఇప్పుడు లోపలి నుంచి ఏం పూసినా కింది నుంచి తోసేస్తుంది, మట్టం దిగాక ఫిబ్రవరిలో చూద్దాం అన్నాడు. అందాకా గొయ్యిలో చిన్న మోటారు పెట్టి తోడిస్తున్నాం. అడ్వాన్సు ఇస్తానంటే తీసుకోలేదు. ఈసారి మాత్రం వాళ్లింట్లో ఫిబ్రవరిలో పెళ్లిళ్లేమైనా ఉన్నాయేమో ముందే అడిగి తెలుసుకున్నాను. ఒకటి ఉందట, 19న.